పాత జీపు పెట్రోలు ఎక్కువ త్రాగుచున్నదా?
మార్పులు చేసిన ఇంజనులో లోపమును కనుగొను విధము

జీపు మన పల్లెలకు కొత్త కాదు. 1940ల చివర బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు మొదలైనది. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైన తరువాత బ్లాకు జీపు, 1959 నుండి సమితి జీపు మన బండిదారులకు అలవాటైనవి. ఆనాటి పెట్రోలు జీపులు కొన్ని చేతులు మారి నేటికిని తోటలలోను, కొండ గ్రామములలోను పనిచేయుచున్నవి. అయితే వాటిలో పుట్టినప్పటి రూపుతో ఉన్నవి అరుదు. ఒకదానికి వేరొక కారు కార్బరేటరు బిగించియుందురు. మరొకదానికి గాలి శుద్ధి చేయు డబ్బా మార్చియుందురు. ఇంకొకదానికి పాత పంపు చెడిపోగా విద్యుత్ పంపు పెట్టియుందురు.

ఇట్టి బండి నల్లని పొగ వదలుచు, పెట్రోలు మితిమీరి త్రాగుచు, ఎత్తు ఎక్కుటకు మొరాయించిన ఎడల యజమాని సామాన్యముగా చేయు పని ఒక్కటే. కార్బరేటరు మర త్రిప్పించును. అది కుదరనిచో కార్బరేటరునే మార్పించును. డబ్బు ఖర్చగును గాని పొగ పోదు. ఏలయన లోపము చాలసార్లు మరలో లేదు, మార్పు చేసిన భాగములో ఉన్నది. ఆ భాగమును వరుసగా వెదకి పట్టుకొను పద్ధతి ఈ వ్యాసములో వివరింపబడినది.

పెట్రోలు, గాలి పాళ్లు

హరికేన్ లాంతరు వత్తిని ఎక్కువ పెంచిన ఏమగునో అందరికి తెలిసినదే. వెలుగు పెరుగదు, చిమ్నీకి మసి పట్టును. నూనె ఎక్కువై దానికి తగిన గాలి చాలనందున అట్లు జరుగును. ఇంజనులోను ఇదే సూత్రము.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. కొలతలో చెప్పినచో ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి అవసరము. బరువు లాగునపుడు ఇంజను ఇంతకంటె కొంచెము చిక్కని మిశ్రమము కోరును. అప్పుడు కిలో పెట్రోలుకు 12.5 నుండి 13 కిలోల గాలి చాలును. అంతకు మించి గాలి తగ్గినను, పెట్రోలు పెరిగినను మిగులు పెట్రోలు మండక మసిగాను, విషవాయువుగాను బయటికి పోవును.

కావున ఈ లోపమునకు మూలములు రెండే: గాలి తగ్గుట, లేక పెట్రోలు పెరుగుట. ఈ రెండింటిని పోలిన మూడవది ఒకటి కలదు. మిశ్రమము సరిగానే ఉండి, నిప్పురవ్వ సరిగా పడక మండకపోవుట. ఈ మూడింటిని వేరుచేసి చూచుటయే పరీక్షలోని కిటుకు.

గుర్తులు

పొగ రంగును మొదట చూడుడు. నల్లని పొగ పెట్రోలుది. నీలిపొగ ఇంజను ఆయిలుది. ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లని పొగ విడువక వచ్చుచున్న ఎడల నీరు లోనికి దిగుచున్నదని అనుమానింపవలెను. నీలిపొగకు కార్బరేటరు మార్చిన ప్రయోజనము లేదు.

తరువాత ప్లగ్గులు. బండిని బరువుతో నాలుగైదు కిలోమీటర్లు నడిపి, నిలిపిన వెంటనే ఇంజను కట్టివేసి, చల్లారిన పిమ్మట నాలుగు ప్లగ్గులను ఊడదీసి వరుస తప్పకుండ పేర్చుడు. లేత గోధుమరంగు ఉన్న ఎడల మిశ్రమము మంచిది. పొడి మసి ఉన్నచో పెట్రోలు ఎక్కువ. తడిసి పెట్రోలు వాసన కొట్టుచున్నచో నిప్పు పడుట లేదు. జిడ్డుగా నిగనిగలాడుచున్నచో ఆయిలు వచ్చుచున్నది.

ఇచట ఒక ముఖ్య విషయము. మడి అంతయు పసుపుబారిన కారణము ఒకటి, ఒక మూల మాత్రమే పసుపుబారిన కారణము మరొకటి అని మీరెరుగుదురు. అట్లే నాలుగు ప్లగ్గులును ఒకే తీరున మసిబారిన ఎడల లోపము నాలుగు సిలిండర్లకు ఉమ్మడిగా ఉన్న కార్బరేటరు, చోకు, గాలి దారి, పంపులలో ఉన్నది. ఒక్క ప్లగ్గు మాత్రమే నల్లనైన ఎడల ఆ సిలిండరు ప్లగ్గునో, తీగనో, వాల్వునో చూడవలెను. ఈ ఒక్క పరీక్షతో వెదకవలసిన చోటు సగము తగ్గును.

మూడవది చోకు పరీక్ష. ఇంజను బాగుగా వేడెక్కిన తరువాత చోకును మెల్లగా సగము వరకు లాగుడు. ఇంజను వెంటనే కుంటుపడిన ఎడల మిశ్రమము ముందే చిక్కగా ఉన్నదన్నమాట. అందుకు మారుగా వేగము పుంజుకొన్నచో మిశ్రమము పలుచన. అప్పుడు ఈ వ్యాసములోని మందులు పనికిరావు.

ఉపేక్షించిన కలుగు నష్టము

లీటరుకు 11 కిలోమీటర్లు నడువవలసిన బండి 8 కిలోమీటర్లే నడిచినదనుకొందము. వెయ్యి కిలోమీటర్లకు 91 లీటర్లకు బదులు 125 లీటర్లు పోయవలెను. 34 లీటర్లు గాలిలో కలిసినట్లే.

అంతకంటె పెద్ద నష్టము కంటికి కనబడదు. మండని పెట్రోలు సిలిండరు గోడలపై నున్న ఆయిలు పొరను కడిగివేసి క్రిందికి దిగి ఇంజను ఆయిలులో కలియును. ఆయిలు నీళ్లవలె పలుచనై, రింగులు, బేరింగులు త్వరగా అరిగిపోవును. కొలబద్ద తీసి వాసన చూడుడు. పెట్రోలు వాసన వచ్చినను, ఆయిలు పోయకయే మట్టము పెరిగినను అది ప్రమాద సూచన. ఆయిలు తగ్గుట లేదని సంతోషింపరాదు. పాత ఇంజనుపై నుండు యాంత్రిక పంపు పొర చినిగినను పెట్రోలు ఇట్లే ఆయిలులోనికి దిగును. కనుక ఆ పంపును కూడ విప్పి చూడవలెను.

మూడవ నష్టము ప్రాణములకు సంబంధించినది. చిక్కని మిశ్రమము నుండి కార్బన్ మోనాక్సైడు వాయువు అధికముగా వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన కొట్టములోను, గోడౌనులోను ఇంజను నడిపి పరీక్షింపరాదు. ఆరుబయటనే చేయవలెను.

మొదటి పని: మార్పుల పట్టిక

స్పానరు పట్టుటకు ముందు కాగితము, పెన్సిలు తీసికొనుడు. బండికి అసలు ఉన్న భాగములేవి, మార్చినవేవి, ఎప్పుడు మార్చిరి, పొగ ఎప్పటినుండి వచ్చుచున్నది అను నాలుగు విషయములు వ్రాయుడు. బండిని ఇతరుల వద్ద కొన్న ఎడల పాత యజమానిని, అతని మెకానిక్కును అడుగుడు. మార్పు జరిగిన తేదీ, పొగ మొదలైన తేదీ దగ్గరగా ఉన్నచో మొదటి అనుమానము ఆ మార్పు మీదనే ఉంచవలెను.

పరీక్షలో ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. ఒకే మడిలో ఎరువు, విత్తనము, నీటి పద్ధతి మూడును ఒకేసారి మార్చిన, దిగుబడి దేనివలన పెరిగినదో ఎవరును చెప్పలేరు. ఇంజను విషయమును అంతే.

1. గాలి దారి

ఖర్చు లేని పరీక్షతో ఆరంభింపవలెను. పాత జీపులకు నూనెతొట్టి గల గాలి శుద్ధి డబ్బా ఉండును. నూర్పిడి రోజులలో దుమ్ము, పొట్టు చేరి తొట్టిలో బురద కట్టును. కొందరు మంచిదని తలచి గీతను మించి ఆయిలు పోయుదురు. రెండు విధములను గాలి దారి మూసుకొనును. బురద తీసి, కిరోసినుతో గాని డీజిలుతో గాని కడిగి, ఆరబెట్టి, గీత వరకే కొత్త ఆయిలు పోయుడు. దుమ్ము రోజులలో ప్రతిదినము చూడవలెను.

డబ్బా మార్చి కాగితపు ఫిల్టరు పెట్టియున్నచో అది ఇంజనుకు చాలినంత పెద్దదేనా, దాని మూత కార్బరేటరు నోటికి మరీ దగ్గరగా ఉన్నదా అని చూడుడు. దుమ్ము లేని చోట ఫిల్టరు తీసి కొద్ది క్షణములు నడిపిన పొగ తగ్గినచో దోషము అచటనే ఉన్నది. ఆ సమయమున కార్బరేటరు నోటిపై ముఖము పెట్టరాదు. ఒక్కొక్కప్పుడు మంట వెనుకకు తన్నును. పరీక్ష ముగియగానే ఫిల్టరు తిరిగి బిగింపవలెను.

2. చోకు, ఇంజను వేడి

చోకు తీగను మార్చినపుడు పొడవు కుదరక, మీట పూర్తిగా లోనికి నెట్టినను కార్బరేటరులోని రేకు పూర్తిగా తెరచుకొనకపోవుట తరచుగా జరుగు లోపము. ఫిల్టరు తీసి కంటితో చూడుడు. రేకు నిలువుగా నిలువవలెను.

మరొక అలవాటు మన ప్రాంతములలో విస్తారముగా కలదు. ఇంజను కాగుచున్నదని థర్మోస్టాటు తీసి పారవేయుదురు. రేడియేటరు పూడికను శుభ్రము చేయుటకు బదులు చేయు చిట్కా ఇది. థర్మోస్టాటు లేనిదే ఇంజను, ముఖ్యముగా చలికాలపు ఉదయములందును, దగ్గర ప్రయాణములందును, తగిన వేడికి రాదు. చల్లని ఇంజనులో పెట్రోలు ఆవిరి కాక బిందువులుగానే లోనికి పోవును. డ్రైవరు చోకు లాగి నడుపును. మసి, ఆయిలు పలుచనగుట రెండును దాని వెనుకనే వచ్చును.

పాత థర్మోస్టాటు దొరికినచో గిన్నెడు నీటిలో దారముతో వ్రేలాడదీసి కాచి చూడుడు. చల్లగా ఉన్నపుడు మూసికొని, నీరు మరుగుటకు ముందే తెరచుకొన్నచో అది పనికివచ్చును.

3. నిప్పు

కార్బరేటరు జోలికి పోక పూర్వము నిప్పును సరిచేయవలెను. మహీంద్రా జీపులో వచ్చిన నాలుగు సిలిండర్ల హరికేన్ ఇంజను పరిమాణము 134 ఘనపు అంగుళములు, అనగా సుమారు 2.2 లీటర్లు. దాని ప్లగ్గు సందు 0.75 మిల్లీమీటరు, డిస్ట్రిబ్యూటరు పాయింట్ల సందు 0.50 మిల్లీమీటరు. వేరొక ఇంజను ఎక్కించియున్న ఎడల ఆ ఇంజను కొలతలే పాటింపవలెను. కాలిన పాయింట్లు, చెడిన కండెన్సరు, పగిలిన ప్లగ్గు తీగలు ఉన్నచో మార్చుడు. నిప్పు తప్పుచున్న ఇంజను సైలెన్సరు కూడ పెట్రోలు వాసన కొట్టును. దానిని చూచి కార్బరేటరును తప్పుపట్టుట న్యాయము కాదు.

4. పెట్రోలు మట్టము, పంపు

కార్బరేటరు ప్రక్కన ఫ్లోటు గిన్నె ఉండును. పెట్రోలు నిండగానే ఫ్లోటు పైకి లేచి సూది వాల్వును మూయును. ఈ మట్టము పెరిగినచో పెట్రోలు పిలువకయే పొంగి ఇంజనులోనికి పోవును. దీనిని కనుగొనుటకు మూడు పరీక్షలు కలవు.

మొదటిది, ఇంజను నెమ్మదిగా నడుచునపుడు ఐడిలింగు మిశ్రమపు మరను మెల్లగా లోనికి త్రిప్పుడు. సాధారణముగా ఇంజను ఆగిపోవలెను. మర పూర్తిగా మూసినను ఆగక నడిచినచో పెట్రోలు వేరొక దారిన వచ్చుచున్నదని రూఢి. రెండవది, ఇంజను ఆపి, టార్చిలైటుతో కార్బరేటరు గొంతులోనికి చూడుడు. పెట్రోలు బొట్లు పడుచుండరాదు. మూడవది, విద్యుత్ పంపు ఉన్నచో ఇంజను నడుచుచుండగా పంపును మాత్రము ఆపుడు. గిన్నెలో మట్టము దిగుచున్న కొలది ఇంజను శుభ్రముగా నడిచి, పొగ తగ్గి, ఆ తరువాత ఆగిపోయినచో మట్టము ఎక్కువైనదని తేలినది.

మట్టము పెరుగుటకు కారణములు నాలుగు. సూది వాల్వులో నలుసు పడుట, సూది అరుగుట, ఫ్లోటుకు చిల్లి పడుట, పంపు ఒత్తిడి ఎక్కువగుట. ఇత్తడి ఫ్లోటును చెవివద్ద ఆడించిన లోపల పెట్రోలు చప్పుడు వినబడును. వేడినీటిలో ముంచిన చిల్లి ఉన్నచోట బుడగలు వచ్చును. సోలెక్సు రకపు కార్బరేటరులో సూది వాల్వు క్రింద వాషరు ఉండును. విప్పి బిగించునపుడు ఆ వాషరును మరచినను, పలుచనిది వేసినను మట్టము పెరుగును.

ఇక పంపు. పాత యాంత్రిక పంపు ఒత్తిడి చదరపు అంగుళమునకు సుమారు 3 నుండి 4 పౌన్లు మాత్రమే. ఇంజెక్షను పద్ధతి గల కొత్త కార్ల పంపులు దానికి పదిరెట్లకు మించిన ఒత్తిడితో పనిచేయును. అట్టి పంపు తగిలించిన ఎడల ఏ సూదియు నిలువజాలదు. ఒత్తిడి తక్కువగల పంపునైనను ఒత్తిడి తగ్గించు సాధనముతోనే వాడవలెను.

5. జెట్లు

ఇవన్నియు సరిగా ఉన్నను పొగ పోనపుడే జెట్లను చూడవలెను. వేరొక కారు కార్బరేటరులోని జెట్లు ఆ కారు ఇంజనుకు తగినవి. మీ ఇంజనుకు తగునని నమ్మరాదు. సోలెక్సు జెట్టుపై ఉన్న అంకె మిల్లీమీటరులో నూరవ వంతుల కొలత. 125 అనగా 1.25 మిల్లీమీటర్లు. దానిని 140కి మార్చిన తేడా స్వల్పమనిపించును గాని, రంధ్రము వైశాల్యము నాలుగవ వంతు పెరుగును.

జెట్టులో నలుసు పడినదని తీగతో పొడుచుట చెడ్డ అలవాటు. మెత్తని ఇత్తడి రంధ్రము అరిగి పెద్దదగును. పెట్రోలుతో కడిగి గాలి ఊదిన చాలును. గాలి జెట్టు పూడినను మిశ్రమము చిక్కబడునని మరువరాదు. కార్టరు వై.ఎఫ్. రకపు కార్బరేటరు ఉన్నచో దానిలోని పొరను చూడుడు. అది చినిగినచో మీటరింగు రాడ్డు ఎల్లప్పుడు పైకి లేచి, ఎత్తు ఎక్కునపుడు కావలసినంత పెట్రోలు చదును బాటలోను పోవుచుండును.

అన్నియు ముగిసిన తరువాతనే ఐడిలింగు మర. వేడి ఇంజనుపై, మరను సున్నితముగా మూసి, సుమారు ఒకటిన్నర చుట్టు వెనుకకు త్రిప్పి, అచటి నుండి నిలకడగా నడుచు చోటికి సరిదిద్దుడు. ఈ మర నెమ్మది నడకను మాత్రమే శాసించును. బాటపై వచ్చు పొగను ఇది ఆపజాలదు.

ఒక ఉదాహరణ

ఒక జీపుకు కాగితపు ఫిల్టరు పెట్టి, థర్మోస్టాటు తీసి, విద్యుత్ పంపు తగిలించిరనుకొందము. నాలుగు ప్లగ్గులును నల్లగా ఉన్నవి. కావున దోషము ఉమ్మడిది. ఫిల్టరు తీసినను పొగ తగ్గలేదు. చోకు రేకు నిలువుగానే ఉన్నది. పాయింట్లు సరిచేసినను మార్పు లేదు. మిశ్రమపు మర మూసినను ఇంజను ఆగలేదు. పంపు ఆపినంతనే ఇంజను తేరుకొన్నది. దోషము పంపు ఒత్తిడిలోనో, సూది వాల్వులోనో ఉన్నదని ఇట్లు ఏమియు కొనకయే తేలినది. కొత్త కార్బరేటరు కొన్నచో ఆ పంపు దానిని కూడ పొంగించియుండెడిది. ఇక థర్మోస్టాటు లోపము మిగిలియున్నది. దానిని తరువాత, విడిగా సరిచేయవలెను.

కాలుష్య తనిఖీ పత్రమును చదువుడు

కాలుష్య తనిఖీ కేంద్రము ఇచ్చు కాగితము జేబులో దాచుటకు మాత్రమే కాదు. భారత్ స్టేజి 2 ప్రమాణములకు ముందటి పెట్రోలు నాలుగు చక్రముల బండ్లకు ఐడిలింగులో కార్బన్ మోనాక్సైడు 3 శాతమును, హైడ్రోకార్బనులు పది లక్షలకు 1,500 పాళ్లను మించరాదు. మోనాక్సైడు అంకె ఎక్కువైనచో మిశ్రమము చిక్కన. అది సరిగా ఉండి హైడ్రోకార్బనుల అంకె మాత్రమే ఎక్కువైనచో నిప్పు తప్పుచున్నదని తలంపవలెను. మరమ్మతుకు ముందొకసారి, తరువాత ఒకసారి తీయించి పోల్చి చూచినచో మెకానిక్కు మాటకు సాక్ష్యము దొరకును.

నేటి పెట్రోలు, కొండ ప్రాంతములు

20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు 2023లో ప్రవేశించి 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. ఇథనాలు కలిసిన పెట్రోలుకు గాలి కొంత తక్కువ చాలును గనుక పాత కార్బరేటరులో మిశ్రమము పలుచనగునే గాని చిక్కబడదు. కాని పాత రబ్బరు గొట్టములు, పొరలు దానికి ఉబ్బి చెడును. ట్యాంకులోని పాత మడ్డి కదలివచ్చి సూది వాల్వులో చిక్కుకొనును. కావున గొట్టములు మార్చి, ట్యాంకు కడిగి, వడపోత పెట్టుట మేలు.

అరకు లోయ వంటి సుమారు 900 మీటర్ల ఎత్తు ప్రదేశములలో గాలి పలుచన. మైదానములో సరిచేసిన బండి అచట కొద్దిగా చిక్కని మిశ్రమముతో నడుచును. అంతమాత్రమున నల్లపొగ రాదు. వచ్చినచో వేరొక కారణము వెదకవలెను.

జాగ్రత్తలు

పరీక్ష జరుగుచోట చుట్ట, బీడీ, లాంతరు ఉండరాదు. బకెట్టెడు పొడి ఇసుక దగ్గర ఉంచుకొనుడు. పెట్రోలు చేరిన ఫ్లోటును మాటు వేయుటకు నిప్పువద్దకు తీసికొనిపోరాదు. లోపము తీరిన వెంటనే ఇంజను ఆయిలు మార్పింపవలెను. పెట్రోలు కలిసిన ఆయిలు ఆవిరి మరల ఇంజనులోనికి పోయి, బాగుచేసిన తరువాతను కొన్నాళ్లు పొగ కనబడునట్లు చేయును.

గ్రామాధికారులు ఒక సంగతి రైతులకు తెలుపవలెను. ఇంజను మార్పు, ఇంధన మార్పు వంటివి 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను క్రిందికి వచ్చును. రిజిస్టరు చేయు అధికారి అనుమతి లేక చేసిన మార్పు, ప్రమాదము జరిగిననాడు యజమానిని చిక్కులలో పెట్టును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. నల్లపొగ పెట్రోలుది, నీలిపొగ ఆయిలుది.
2. నాలుగు ప్లగ్గులును నల్లనైన దోషము ఉమ్మడిది, ఒక్కటైన ఆ సిలిండరుది.
3. మార్చిన భాగమును మొదట అనుమానింపుడు.
4. గాలి, చోకు, నిప్పు, మట్టము, జెట్టు, చివరకు మర: ఈ వరుస తప్పరాదు.
5. ఒకసారి ఒక్క మార్పే చేసి, ఫలితము వ్రాసికొనుడు.
6. ట్యాంకు నిండుగా పోయించి, నడిపి, మరల నిండుగా పోయించి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లో లెక్క కట్టుడు. మరమ్మతు ఫలించినదో లేదో ఆ లెక్కయే చెప్పును.